వాడు తప్పుకోకపోతే?

మా తమ్ముడు సంక్రాంతికి మా కారు తీసుకుని గుంటూరు వెళ్లొచ్చాడు. తాళాలు ఇస్తూ, "అక్కా, ఆ కూత ఆపేశాను. బెంజి సర్కిల్ నుంచి వారధి దాటేసరికి బుర్ర తినేసింది" అన్నాడు, ఏదో రిపేరు చేసిపెట్టినవాడిలా. వాడు కూత అన్నది ఫార్వర్డ్ కొలిజన్ వార్నింగ్‌ని. ముందున్న బండి మీదకి పోతున్నామని అనుమానం రాగానే మీటర్ బోర్డులో ఎర్రగా వెలిగి బీప్ బీప్‌మని మొత్తుకుంటుందే, అది. ఏడాస్ పేరుతో, అంటే డ్రైవరుకి సాయం చేసే ఏర్పాట్లని, కార్లకు ఈమధ్య తగిలిస్తున్న వాటిలో ఒకటి.

నేనూ వెంటనే ఆన్ చేయలేదు. పది పన్నెండు రోజులు హాయిగా తిరిగాను. ఈ సంగతి ముందే ఒప్పుకోవాలి, ఎందుకంటే ఈ పోస్టు రాస్తున్నదే దాన్ని ఆపకూడదని చెప్పడానికి.

ఆ తర్వాత ఒకరోజు సాయంత్రం వారధి మీద వస్తున్నాను. కృష్ణలో నీళ్లెంత ఉన్నాయో చూడటం నాకలవాటు. బెజవాడలో పుట్టిన చాలామందికి ఈ జబ్బు ఉంటుంది. ఒక్క చూపే. తల తిప్పేసరికి ముందున్న స్కూటరు ఆగిపోయి ఉంది. మొగుడూ పెళ్లాలు, మధ్యలో స్కూలు యూనిఫాం పిల్ల. బ్రేకు మీద నిలబడ్డాను. కారు ఆగాక చూస్తే నంబరు ప్లేటు సంగతి అటుంచండి, మడ్‌గార్డు మీది బురద చుక్కలు లెక్కపెట్టేంత దగ్గరగా ఉన్నాను. ఆయన వెనక్కి తిరిగి ఒకసారి చూసి మళ్లీ ముందుకు తిరిగాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఒకటే ప్రశ్న. కూత ఆన్‌లో ఉండి ఉంటే ఎంత ముందు వచ్చేది? అప్పటికి ఆ కారు కొని ఏడాది దాటింది. అది ఎప్పుడు కూస్తుందో, దేన్ని చూసి కూస్తుందో నాకు తెలియదు. పైగా నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను.

రాడార్ ఎక్కడ మేడమ్?

ఈ సిగ్గుచేటు వెనక ఇంకొకటి ఉంది, అదీ చెప్పేస్తాను. తరంగాల పాఠంలో డాప్లర్ ప్రభావం చెబుతుంటాను. దగ్గరికొచ్చే రైలు కూత కీచుగా, దూరమయ్యే కూత బొంగురుగా వినపడటం గురించి ఏళ్ల తరబడి అదే రైలుతో చెప్పాను. కారు కొన్నాక ఉదాహరణ మార్చాను. "మా కారు బంపర్లో రాడార్ ఉంది. 77 గిగాహెర్ట్జ్ తరంగం పంపుతుంది. ముందు బండికి తగిలి తిరిగొచ్చేటప్పుడు పౌనఃపున్యం ఎంత మారిందో చూసి, మనం దానికి ఎంత వేగంగా దగ్గరవుతున్నామో చెప్పేస్తుంది" అని గొప్పగా చెప్పాను. షోరూం కుర్రాడు నాకు చెప్పింది అదే: "రాడార్ ఉంది మేడమ్, మీకు టెన్షనే ఉండదు."

క్లాసయ్యాక ఆటోనగర్ నుంచి వచ్చే పిల్లాడొకడు ఆగాడు. వాళ్ల నాన్నకు అక్కడ షెడ్డుంది. "మేడమ్, పార్కింగ్‌లో మీ బండి చూశాను. రాడార్ ఎక్కడ మేడమ్? ముందు దాన్ని కప్పే ప్లేటేమీ లేదు." సాయంత్రం ఇంటికెళ్లి మాన్యువల్ తీశాను. లేదు. ముందు అద్దం లోపల, మిర్రర్ వెనక ఉన్న ఒక్క కెమెరాయే మొత్తం కథ. మర్నాడు క్లాసులో ఉదాహరణ వెనక్కి తీసుకుని మళ్లీ రైలెక్కాను.

కానీ ఆ పిల్లాడి పుణ్యాన తెలిసింది, కెమెరా చేసే పని రాడార్ చేసేదానికన్నా ఆసక్తికరంగా ఉంటుందని. ఒకే కంటితో, ఒక మామూలు బొమ్మలోంచి ఢీకొట్టే సమయం ఎలా చెబుతుంది?

ఇలా అనుకోండి. కెమెరా తీసిన బొమ్మలో ముందు కారు వెనక భాగం 40 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు ఉంది. అర సెకను తర్వాత 50 చుక్కలయింది. దూరం తగ్గితే బొమ్మ ఆ నిష్పత్తిలోనే పెరుగుతుంది కాబట్టి, 40 కాస్తా 50 అయిందంటే దూరంలో అయిదో వంతు కరిగిపోయినట్టు. అయిదో వంతుకి అర సెకను పట్టింది. మిగిలిన నాలుగు వంతులకి ఇదే వేగమైతే రెండు సెకన్లు. అంతే లెక్క. ముందు కారు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో తెలియనక్కర్లేదు. మన వేగం, దాని వేగం తెలియనక్కర్లేదు. బొమ్మ ఎంత తొందరగా ఉబ్బుతోందో తెలిస్తే చాలు.

గల్లీ క్రికెట్లో క్యాచ్ పట్టే పిల్లాడు టేపు పెట్టి కొలిచి పట్టడు కదా. డేవిడ్ లీ అనే బ్రిటిష్ సైకాలజిస్టు 1976లో ఈ సంగతే రాశాడు. డ్రైవరు బ్రేకు వేసేది దూరాన్నీ వేగాన్నీ విడివిడిగా కొలిచి కాదు, కంట్లో బొమ్మ పెరిగే తీరుని బట్టేనని ఆయన వాదన. 1999లో ఇజ్రాయెల్‌లో పుట్టిన మొబిల్‌ఐ కంపెనీ ఒక్క కెమెరాతో ఈ పని చేయించవచ్చని పందెం కట్టి గెలిచింది. అంటే మా కారు చేసేది నా కన్ను చేసే పనే. తేడా ఒక్కటి, అది కృష్ణలో నీళ్లు చూడదు.

రాడార్ గొప్ప రాడార్‌ది. చీకటైనా, మంచైనా, వానైనా దానికి పెద్ద లెక్క లేదు, వేగాన్ని సూటిగా కొలుస్తుంది. కానీ దానికి ఆకారాలు సరిగ్గా తెలియవు. మన బండి కదులుతుంటే కదలనివన్నీ దానికి ఒకే వేగంతో ఎదురొస్తున్నట్టుంటాయి: ఆగిన లారీ, రోడ్డు పక్క సైన్‌బోర్డు, ఫ్లైఓవర్ ఇనుము, అన్నీ. ప్రతి బోర్డుకీ కూస్తే ఎవరూ భరించలేరని, కదలని వాటిని చాలావరకు పట్టించుకోకుండా వదిలేసే రాడార్లు చాలాకాలం నడిచాయి. కెమెరా దీనికి అడ్డం తిరిగి ఉంటుంది. ఆకారం గుర్తుపడుతుంది, వెలుగు లేకపోతే తడబడుతుంది. అందుకే రెండూ పెట్టే కార్లున్నాయి. వాటి ధర నా జీతానికి ఆమడ దూరం.

రెండు సెకన్లలో ఏమవుతుంది?

ఇప్పుడు నా ప్రశ్నకి వస్తాను. అమెరికా ప్రభుత్వం కార్లను పరీక్షించేటప్పుడు ఒక పద్ధతి పెట్టుకుంది. గంటకు 72 కిలోమీటర్లతో పోతున్న కారు ముందు మరో కారు ఆగి ఉంటుంది. ఢీకొట్టడానికి కనీసం 2.1 సెకన్లు ఉండగానే హెచ్చరిక రావాలి. 72 అంటే సెకనుకు 20 మీటర్లు. అంటే 42 మీటర్ల దూరంలో కూత.

కూత విని కాలు బ్రేకు మీదకి పోవడానికి ఒక సెకను వేసుకుందాం, ఇది మెలకువగా ఉన్నవాళ్ల లెక్క. 20 మీటర్లు అక్కడే పోయాయి. మిగిలింది 22. పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే ప్రతి సెకనుకీ వేగం సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే, పూర్తిగా ఆగడానికి దాదాపు 29 మీటర్లు కావాలి. చాలదు. గుద్దుతాం. కాకపోతే 72తో కాదు, 35 లోపు వేగంతో. గుద్దులో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి నాలుగో వంతు కన్నా తక్కువకి పడిపోయింది. ఇక కాలు కదలడానికి ఒకటి కాదు, ఒకటిన్నర సెకను పట్టిందనుకోండి. గుద్దే వేగం 35 నుంచి 55కి పోతుంది. అర సెకను ఖరీదు ఇరవై కిలోమీటర్లు.

ఈ లెక్క బోర్డు మీద చేస్తే పిల్లలు నిశ్శబ్దమైపోయారు. నాకూ కొంచెం నిరాశగానే అనిపించింది. హెచ్చరిక అంటే ప్రమాదం తప్పించేది అనుకున్నాను, అది ప్రమాదాన్ని చిన్నది చేసేది కూడానన్నమాట. మరి ఇంకాస్త ముందే, నాలుగు సెకన్లప్పుడే కూయొచ్చు కదా? కూయొచ్చు. అప్పుడు మామూలుగా, నిదానంగా బ్రేకు వేసుకుంటూ సిగ్నల్ దగ్గరికి వెళ్లే ప్రతిసారీ కూస్తుంది. మా తమ్ముడు వారధి దాకా కూడా ఆగడు, పటమటలోనే ఆపేస్తాడు. ముందు కూస్తే చిరాకు, ఆలస్యంగా కూస్తే వ్యర్థం. ఎర్లీ, నార్మల్, లేట్ అని మూడు సెట్టింగులు పెట్టింది ఈ తగువు తేలకే.

అది తప్పుడు కూతేనా?

మా తమ్ముడి ఫిర్యాదు తీసిపారేసేది కాదు. ఏలూరు రోడ్డు మీద ముప్పైలో పోతుంటే ముందు ఆటో పాసింజరు కోసం ఠక్కున పక్కకి ఆగుతుంది. మనం స్టీరింగ్ కుడికి కాస్త తిప్పి దాటుకుపోతాం. ఈ లోపల కూత. "ఏమైంది చెప్పక్కా? ఏమీ కాలేదుగా. మన రోడ్లకు పనికిరావు ఇవి" అంటాడు.

ఇక్కడే నాకు పేచీ. ఏమీ కాలేదు కాబట్టి హెచ్చరిక తప్పు అనే వాదన నాకు ఎక్కదు. కూతకి భవిష్యత్తు తెలియదు. ఎవరూ ఏమీ మార్చకపోతే, ఇద్దరూ ఇప్పుడున్న వేగంతో ఉన్న దారినే పోతే, రెండు సెకన్లలో గుద్దుకుంటారు అని మాత్రమే అది అంటోంది. మనం బండి నడిపేదంతా దానికి వ్యతిరేకమైన నమ్మకంతో. ఆటోవాడు తప్పుకుంటాడు, బైకువాడు పక్కకి జరుగుతాడు, నడిచేవాడు ఆగుతాడు, హారన్ కొడితే ఆవు కూడా కదులుతుంది. నూటికి తొంభైతొమ్మిది సార్లు తప్పుకుంటారు కూడా. కూత అడిగేది ఆ మిగిలిన ఒక్కసారి గురించి: వాడు తప్పుకోకపోతే? వారధి మీద స్కూటరాయన తప్పుకోవడానికి చోటు లేదు.

ఇంత ధీమాగా చెప్పాను గానీ, ఒకచోట నేనే పప్పులో కాలేశాను. మన ఊళ్లో ఎవరూ దూరం పాటించరు కాబట్టే ఇది కూస్తుంది, ఇది మన దగ్గరితనాన్ని కొలిచే బద్ద అని మా స్టాఫ్ రూంలో ఉపన్యాసం ఇచ్చాను. తర్వాతి శనివారం హైవే మీద ఒక బస్సు వెనక ఎనభైలో, మహా అయితే ఎనిమిది మీటర్ల దూరంలో పోతున్నానని గమనించాను. కూత లేదు. ఉండదు కూడా. బస్సూ నేనూ ఒకే వేగంతో పోతుంటే బొమ్మ పెరగదు, బొమ్మ పెరగకపోతే ఢీకొట్టే సమయం అనంతం. ఆ ఎనిమిది మీటర్లలో నేను చావుకి ఎంత దగ్గరో ఈ లెక్కకి తెలియదు. వెనక వెళ్లే దూరానికి వేరే హెచ్చరిక పెట్టిన కార్లున్నాయి, నాది కాదు. కాబట్టి అది మొత్తుకునేది దగ్గరగా ఉన్నందుకు కాదు, దగ్గరవుతున్నందుకు. ఈ రెండింటికీ తేడా తెలియకుండానే ఏడాది పాటు దాని మౌనాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను.

ఎనభైలో రెండు సెకన్ల దూరం అంటే 44 మీటర్లు. కాజ టోల్‌గేటు దగ్గర అంత ఖాళీ వదిలి చూడండి, అందులోకి ఒక బొలెరో, రెండు కార్లు, వీలైతే ఒక ఆటో వచ్చి కూర్చుంటాయి. ఇది మా మ్యాథ్స్ సార్ అభ్యంతరం, దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన అసలు పక్షం వేరు. ఆయన కారు దానంతటదే బ్రేకు కూడా వేస్తుంది. "దానికదే చూసుకుంటుంది మేడమ్" అని ఫోనులో మెసేజీలు చదువుతూ నడుపుతారు. ఆపేసిన మా తమ్ముడికన్నా నమ్మేసిన ఈయన్ని చూస్తేనే నాకు ఎక్కువ భయం.

దానంతటదే బ్రేకు వేయడం మీద మనవాళ్లకున్న భయం మాత్రం నాకు అర్థమవుతుంది. మనకి కూత వినపడుతుంది, వెనకవాడికి వినపడదు. మన తోకకి అతుక్కుని వచ్చేవాడు, కారు కారణం లేకుండా నిలబడిపోతే మన డిక్కీలో ఉంటాడు. అమెరికాలో రహదారి భద్రత మీద పనిచేసే బీమా సంస్థల ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం, హెచ్చరిక ఒక్కటే ఉన్న కార్లు ముందు బండిని గుద్దడం 27 శాతం తగ్గింది, బ్రేకు కూడా తోడైతే 50 శాతం. గీతల మధ్య నడిచే ఊళ్ల లెక్క అది, బీసెంట్ రోడ్డుకి అతికించను. అయినా వట్టి కూతకే నాలుగో వంతుకి పైగా తగ్గిందంటే, అక్కడివాళ్లూ కృష్ణలో నీళ్లు చూస్తున్నారన్నమాటే. కూత నాకు నచ్చేది కూడా ఇందుకే. వెనకున్న లారీని అద్దంలో చూసి, తొక్కాలా పక్కకి తిప్పాలా అనే నిర్ణయం నా చేతిలోనే ఉంచుతుంది.

గడ్డి ట్రాక్టరు

తమ్ముడు ఆపేస్తే నేను పది రోజులు ఊరుకున్నానంటే దానికి వెనక ఒక కథ ఉంది. డిసెంబరులో తెనాలిలో అమ్మావాళ్లింటి నుంచి వస్తున్నాను. దుగ్గిరాల దాటాను, రాత్రి తొమ్మిది. మంచు పల్చగా దిగుతోంది. కూత ఆన్‌లోనే ఉంది. రోడ్డు మీద చీకటి ఒకచోట మరీ చిక్కగా ఉన్నట్టనిపించి, ఎందుకో కాలు తీశాను. లైట్లు పడేసరికి గడ్డి. వరిగడ్డి వామి రోడ్డు మీద నడుస్తోంది. ట్రక్కుకి రెండు పక్కలా బారెడు బారెడు బయటికొచ్చి, వెనక నేలను రాస్తూ వేలాడుతోంది. దీపం లేదు, రిఫ్లెక్టరు ఉంటే గడ్డి కింద ఉంది. నేను ఆగాను. కారు ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆ రాత్రి దాన్ని తిట్టుకున్నాను. పొద్దస్తమానం ఆటోలకి కూస్తావు, అసలు చావు ఎదురైతే నోరు పెగలదే అని. ఇప్పుడు అంత కోపం లేదు. దానికి కార్ల వెనక భాగాలు, బైకులు, మనుషులు ఎలా ఉంటారో వేల లక్షల బొమ్మలు చూపించి నేర్పుతారు. రెండు ఎర్రదీపాలు, కింద నీడ, చదరంగా వెడల్పాటి ఆకారం. చీకట్లో, మంచులో, ఏ అంచూ తిన్నగా లేని వరిగడ్డి వీటిలో దేనికీ అందదు. గుర్తే పట్టనిదాని బొమ్మ ఎంత పెరిగినా అది లెక్క కట్టదు. నేనూ గుర్తుపట్టలేదు. కాకపోతే చీకటి చిక్కగా ఉందని అనుమానపడ్డాను. ఈ కాలంలో దుగ్గిరాల రోడ్డు మీద గడ్డి బళ్లు తిరుగుతాయని నాకు తెలుసు. కెమెరాకి పంటల కాలం తెలియదు.

మా బాబాయి ముప్పై ఏళ్లు లారీ నడిపాడు, మిర్చి యార్డు నుంచి ఎక్కడెక్కడికో సరుకు తోలాడు. ఈ కథ చెబితే నవ్వాడు. "అమ్మాయ్, బండి దారిలో ఆగిపోతే యెనకాల మేం రాళ్లు పేర్చి చెట్టుకొమ్మ పెట్టేవోళ్లం. కొమ్మ కనపడితే ముందర లారీ ఉందని ఎవడికైనా తెలుసుద్ది. నీ కెమెరాకి కొమ్మ కనపడుద్దా?" కనపడదు బాబాయ్. కనపడినా అది కొమ్మ. కొమ్మంటే లారీ అని దానికెవరూ చెప్పలేదు. పెద్ద బస్సులకీ లారీలకీ కూడా ఇలాంటి హెచ్చరికా బ్రేకూ తప్పనిసరి చేయాలని కేంద్రం 2025లో ముసాయిదా ఇచ్చిందని చెప్పాను. "మంచిదే. నిద్దర్లో ఉన్నోడిని లేపుద్ది" అన్నాడు. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన క్లీనరు ఒకడు ఆగిన లారీ వెనక పోయిన సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

నేనిప్పుడు ఊళ్లో లేట్‌లో పెడుతున్నాను, హైవే ఎక్కగానే ఎర్లీకి మారుస్తున్నాను. వారానికోసారి మిర్రర్ వెనక అద్దం లోపలా బయటా తుడుస్తున్నాను. రాత్రిపూట డెల్టా రోడ్ల మీద అది లేదనుకునే నడుపుతున్నాను. షోరూంలో తాళాలిచ్చే రోజు కొబ్బరికాయ కొట్టించి ఫోటో తీయడానికి పట్టే సమయంలో సగం పెట్టినా ఇదంతా చెప్పొచ్చు.

ఈమధ్య ఆటోనగర్లో రిఫ్లెక్టర్ స్టిక్కర్ల చుట్ట ఒకటి కొని, తెనాలి దగ్గర మా పొలం కౌలు చేసే ఆయనకిచ్చాను. ట్రక్కు వెనక చక్కగా అతికించాడు. గడ్డి ఎక్కించాక వెళ్లి చూస్తే ఒక్కటీ కనపడలేదు. ఆయన కూడా నా పక్కన నిలబడి కాసేపు చూసి, "కర్రకి చుట్టి యెనక్కి కట్టాల్లేమ్మా" అన్నాడు.